కొత్త కంప్యూటర్, స్క్రీన్ రీడర్: పెట్టె విప్పడం నుంచి తెలుగులో రాయడం దాకా

చూపు లేనివారు కొత్త కంప్యూటర్ కొంటే సాధారణంగా దుకాణంవాళ్లే పెట్టె విప్పుతారు. ఏదో ఒక ఈమెయిల్‌తో ఖాతా తెరుస్తారు, అడగని సాఫ్ట్‌వేర్లు నాలుగు ఎక్కిస్తారు, 'అంతా రెడీ సార్' అని చేతికిస్తారు. లేదంటే ఆ పని ఇంట్లో బావమరిదో, అన్న కొడుకో చేస్తాడు. మంచి మనసుతోనే చేస్తాడు. కానీ కొన్నాళ్లకు కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగే వేళకు ఆ అబ్బాయి ఉద్యోగం మీద బెంగళూరులో ఉంటాడు, ఓటీపీ అతని ఫోనుకు పోతుంది. అందుకే నా దగ్గర కంప్యూటర్ నేర్చుకునేవారికి మొదట ఒకటే చెబుతాను: సీలు విప్పని పెట్టెను ఇంటికి తెచ్చుకోండి, మొదటి స్విచ్ మీరే నొక్కండి. విండోస్ 10, 11లలో మొదటి తెర నుంచే మాట వినిపించే ఏర్పాటు ఉంది. కళ్ల సాయం అవసరం పడే చోట్లు ఒకటి రెండే, అవి ఎక్కడో కూడా చెబుతాను.

ఇందులో బొమ్మలు లేవు. మౌస్ ప్రస్తావన కూడా రాదు. మీకు కావలసింది కీబోర్డు, చెవులు, కొంచెం తీరిక.

కొనే ముందు చేతులతో చూడండి

హనుమకొండ చౌరస్తాలో కొన్నా, కరీంనగర్‌లో కొన్నా, దుకాణంలో ప్రదర్శనకు పెట్టిన ల్యాప్‌టాప్ మీద ఒకసారి చేతులు ఆడించి చూడాలి. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవారు కూడా ఆ మోడల్‌ను ఎక్కడైనా తాకి చూశాకే డబ్బు కట్టడం మేలు. ఎఫ్, జె కీల మీద చిన్న గీత చేతికి తగలాలి. కుడివైపు అంకెల ప్యాడ్ ఉంటే మంచిది. పదిహేనున్నర అంగుళాల పైబడిన ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉంటుంది, చిన్నవాటిలో దాదాపుగా ఉండదు. తెర మీది వాక్యాలను ముక్కలు ముక్కలుగా వినడానికి ఆ ప్యాడ్ చాలా ఉపయోగం. ఇన్సర్ట్ కీ విడిగా ఉందా, లేక మరో కీతో పంచుకుందా కనుక్కోండి. బాణం కీలు వేళ్లకు స్పష్టంగా తెలియాలి, రోజంతా వాటితోనే పని. హెడ్‌ఫోన్ పెట్టే రంధ్రం తప్పనిసరి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో మాట కొంచెం ఆలస్యంగా వస్తుంది, వేగంగా టైపు చేసేటప్పుడు అది చికాకు.

అమ్మేవారు తెర నాణ్యత గురించి, రంగుల గురించి, గ్రాఫిక్స్ కార్డు గురించి పావుగంట చెబుతారు. ఓపికగా వినండి, డబ్బు మాత్రం అక్కడ పెట్టకండి. మనకు ఆ లెక్కలు అక్కరలేదు. ఆ మిగులుతో 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్నది తీసుకోండి. తెర మీది మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వెంటనే బదులు పలకడానికి ఆ రెండే ముఖ్యం.

ధర తక్కువని విండోస్ లేని ల్యాప్‌టాప్ అంటగట్టబోతే వద్దనండి. బిల్లు మీద 'డాస్' అని రాసి ఉండేవి అవే. వాటిని ఆన్ చేస్తే పలకడానికి లోపల ఏమీ ఉండదు. పాత కంప్యూటర్ కొనేవారు అందులో విండోస్ 11 నడుస్తుందో లేదో ముందే అడగాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

స్విచ్ నొక్కే ముందు

మూడు సిద్ధం చేసుకోండి. ఒకటి చార్జర్. మొదటి రోజు అప్‌డేట్లు గంటల కొద్దీ సాగవచ్చు, మధ్యలో బ్యాటరీ అయిపోకూడదు. రెండోది ఇంటర్నెట్. ఇంట్లో వైఫై లేకపోతే ఫోన్ హాట్‌స్పాట్ చాలు. హాట్‌స్పాట్ పేరు, పాస్‌వర్డ్ ఇంగ్లీషు అక్షరాల్లో, సులువుగా ఉండేట్లు ముందే మార్చి పెట్టుకోండి. కొత్త కంప్యూటర్‌లో మొదట పలికేది ఇంగ్లీషు గొంతు. పేరు తెలుగు లిపిలో ఉంటే ఆ గొంతు దాన్ని చదవలేక దాటిపోవచ్చు, అప్పుడు జాబితాలో మీ హాట్‌స్పాట్ ఏదో తేల్చుకోవడం కష్టం. మూడోది టాక్‌బ్యాక్ (ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరను చదివి వినిపించే సదుపాయం) ఉన్న మీ సొంత ఫోన్, ఓటీపీ దానికే రావాలి.

ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టండి, పరుపు మీద వద్దు. మన ఎండాకాలంలో అడుగున గాలి ఆడకపోతే ఫ్యాన్ గోల మొదలవుతుంది. ఆ గోలలో స్క్రీన్ రీడర్ మాట సగం వినిపించదు.

మాట మొదలయ్యేదాకా

పవర్ బటన్ నొక్కి రెండు మూడు నిమిషాలు ఊరుకోండి. ఆ తర్వాత విండోస్ కీ, కంట్రోల్, ఎంటర్ మూడూ కలిపి ఒక్కసారి నొక్కి వదలండి. విండోస్ కీ అంటే స్పేస్ బారుకు ఎడమవైపు ఆల్ట్, దాని పక్కది. ఈ మూడు కీలతో నేరేటర్ పలకడం మొదలుపెడుతుంది. ఇది విండోస్‌లోనే ఉండే స్క్రీన్ రీడర్, విండోస్ 2000 కాలం నుంచీ ఉంది. ఒకప్పుడు పేరుకే ఉండేది, ఇప్పుడు పనికొస్తోంది.

ఇక్కడ తొందర పనికిరాదు. ఆ మూడు కీలు నేరేటర్‌ను ఆన్ చేస్తాయి, మళ్లీ నొక్కితే ఆఫ్ చేస్తాయి. మాట రాలేదని వెంటవెంటనే నొక్కితే వస్తున్న మాటను మీరే ఆపేసినట్టవుతుంది. ఒకసారి నొక్కి అర నిమిషం ఆగండి. అప్పటికీ నిశ్శబ్దమే అయితే శబ్దం పెంచే కీ నొక్కి చూడండి. పై వరుసలో ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా ఉన్న కీలకే శబ్దం పనులు కూడా అప్పగించి ఉంటాయి, కొన్నిటిలో ఎఫ్ఎన్ కీతో కలిపి నొక్కాలి. శబ్దం కీలు ఎక్కడున్నాయో కొనేటప్పుడే అడిగి వేలితో తాకి గుర్తుపెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

ఇంకా పలకకపోతే కంట్రోల్, షిఫ్ట్, విండోస్ కీ, బి నాలుగూ కలిపి నొక్కండి. తెరను సరిచేసే ఆదేశమది, చిన్న బీప్ వినిపిస్తుంది. బీప్ వచ్చిందంటే యంత్రం ప్రాణంతో ఉందని, శబ్దం కూడా వస్తోందని అర్థం. అదీ రాకపోతే అప్పుడు చూపున్నవారిని పిలవండి, లేదా బీ మై ఐస్ అనే యాప్‌లో స్వచ్ఛంద సహాయకులకు ఫోన్ కెమెరాతో తెర చూపించండి.

మాట మొదలయ్యాక కొత్తవారికి అది పరుగులా అనిపిస్తుంది. క్యాప్స్ లాక్ పట్టుకుని మైనస్ కీ నొక్కుతూ పోతే వేగం తగ్గుతుంది, ప్లస్ కీతో పెరుగుతుంది. ఒక్క కంట్రోల్ కీ నొక్కితే మాట అక్కడికి ఆగుతుంది. ఇది ఏ స్క్రీన్ రీడర్‌లోనైనా పనిచేస్తుంది, అవసరం మాత్రం గంటకు పదిసార్లు పడుతుంది.

ప్రశ్నల వరుస

విండోస్ ఇప్పుడు వరుసగా ప్రశ్నలు అడుగుతుంది. ట్యాబ్ కీతో ముందుకు, షిఫ్ట్‌తో ట్యాబ్ కలిపి వెనక్కి వెళ్లాలి. జాబితాలో పైకి, కిందికి బాణాలు. టిక్ పెట్టడానికి, తీయడానికి స్పేస్. బటన్ నొక్కడానికి ఎంటర్. సెటప్ మొత్తానికి ఇంతే విద్య.

దేశం ఇండియా, కీబోర్డు ఇంగ్లీషు ఎంచుకుని ముందుకు సాగండి. రెండో కీబోర్డు కావాలా అంటే ఇప్పుడు వద్దనండి, తెలుగును తర్వాత తీరిగ్గా చేర్చుకుందాం. వైఫై జాబితాలో మీ వైఫై లేదా హాట్‌స్పాట్ పేరు వినిపించిన చోట ఎంటర్ నొక్కి, పాస్‌వర్డ్ టైపు చేయండి. ఏ అక్షరం నొక్కారో నేరేటర్ పైకి చెప్పదు, అది రహస్యం కాబట్టి. అందుకే పాస్‌వర్డ్ మీ వేళ్లకు అలవాటైనదిగా ఉండాలి.

మైక్రోసాఫ్ట్ ఖాతా అడిగే చోట ఇంకొకరి ఈమెయిల్, ఇంకొకరి ఫోన్ నంబరు ఇవ్వవద్దు. నేను గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్క చోటే. కొత్త ఖాతా తెరిస్తే 'మీరు మనిషేనా' అని పరీక్ష పెట్టవచ్చు. బొమ్మల పరీక్ష వస్తే ట్యాబ్ కొడుతూ పోతే శబ్దంతో పెట్టే పరీక్ష ఎంచుకునే బటన్ దొరుకుతుంది. అది కూడా తేలికేమీ కాదు. ఇంకా మంచి ఉపాయం, ముందు రోజే ఫోన్‌లో ఖాతా తెరిచి పెట్టుకోవడం.

తర్వాత పిన్ పెట్టమంటుంది. పుట్టిన సంవత్సరం పెట్టకండి, ఊరంతటికీ తెలిసిన అంకెలవి. స్థానం, ప్రకటనలు, సమాచార సేకరణ గురించి వరుసగా స్విచ్‌లు వస్తాయి. స్థానం ఉంచుకోవచ్చు, ప్రకటనలవి నేనైతే ఆపేస్తాను. ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచుకోండి, ఆఫీసు సాఫ్ట్‌వేర్ నెలరోజులు ఉచితంగా వాడి చూడండి అని కూడా ఊరిస్తుంది. 'స్కిప్', 'డిక్లైన్', 'నో థ్యాంక్స్' అన్న మాట ఏ బటన్ మీద వినిపిస్తే దాని మీద ఎంటర్ కొట్టి దాటిపోండి.

చివరికి డెస్క్‌టాప్ వస్తుంది. అక్కడ విండోస్ కీతో ఐ నొక్కితే సెట్టింగ్స్ తెరుచుకుంటుంది. అందులో విండోస్ అప్‌డేట్‌కు వెళ్లి ఉన్న అప్‌డేట్లన్నీ వేయనివ్వండి. మధ్యలో రీస్టార్ట్ అయి మాట ఆగితే భయం వద్దు, తిరిగి వచ్చాక అవే మూడు కీలు. పిన్ అడిగే తెర దగ్గర కూడా నేరేటర్ వాటితోనే లేస్తుంది. ట్రయల్ పేరుతో వచ్చిన యాంటీవైరస్ ఉంటే సెట్టింగ్స్‌లోని యాప్స్ విభాగంలో తీసేయండి. అస్తమానం మాటకు అడ్డొచ్చే హెచ్చరికల బెడద తప్పుతుంది. విండోస్ సొంత రక్షణ ఇంటి వాడకానికి సరిపోతుంది.

ఎన్‌వీడీఏ ఎక్కించడం

నేరేటర్‌తోనే ఉండిపోవచ్చు కదా అని అడుగుతారు. ఉండిపోవచ్చు. కానీ మన దేశంలో చూపులేనివారు చాలామంది వాడేది ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్, సందేహం వస్తే చెప్పేవారు సులువుగా దొరికేదీ దానికే. పైగా పూర్తిగా ఉచితం. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు 2006లో దీన్ని మొదలుపెట్టారు, తర్వాత జేమ్స్ టే ఆయనతో చేరారు. చూపున్నవారికి కంప్యూటర్‌తో పాటు ఊరికే వచ్చే తెరను చూపులేనివారు ఎందుకు విడిగా కొనాలన్నదే వాళ్ల వాదన. జాస్ అనే మరో స్క్రీన్ రీడర్ అంతకన్నా పాతది, 1989 నుంచీ ఉంది, బలమైనదే. కానీ ఖరీదు ఎక్కువ. లైసెన్సు లేకుండా వాడితే 40 నిమిషాలకు ఆగిపోతుంది, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసుకోవాలి. బ్యాంకులో, ఆఫీసులో యజమాని కొనిస్తే వాడండి. ఇంటికి ఎన్‌వీడీఏ చాలు.

విండోస్ కీతో ఆర్ నొక్కండి, చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ డాట్ ఎన్‌వీ యాక్సెస్ డాట్ ఓఆర్‌జీ అని ఇంగ్లీషులో, మధ్యలో ఖాళీ లేకుండా టైపు చేసి ఎంటర్ కొట్టండి. పేజీ వచ్చాక కె నొక్కుతూ పోతే లింకులు, బి నొక్కితే బటన్లు, హెచ్ నొక్కితే శీర్షికలు ఒక్కొక్కటే వినిపిస్తాయి. డౌన్‌లోడ్ అన్న మాట దగ్గర ఆగండి. దారిలో విరాళం అడుగుతారు. ఇవ్వకపోయినా ప్రోగ్రామ్ ఇస్తారు, పనికొచ్చిందనిపించాక వెనక్కి వచ్చి ఇవ్వండి. వేరే వెబ్‌సైట్ల నుంచి, పెన్‌డ్రైవ్‌లో ఎవరో ఇచ్చిన పాత కాపీ నుంచి మాత్రం ఎక్కించకండి.

ఫైలు దిగాక కంట్రోల్‌తో జె నొక్కి దాన్ని తెరవండి. కొన్ని చౌక ల్యాప్‌టాప్‌లలో ఈ చోట అడ్డు పడుతుంది: స్టోర్‌లోని యాప్‌లే వేయనిస్తామంటుంది. ఎస్ మోడ్ అంటారు దాన్ని. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోంచి రూపాయి ఖర్చు లేకుండా బయటకు రావచ్చు. వచ్చాక మళ్లీ వెనక్కి వెళ్లలేరు, వెళ్లవలసిన అవసరమూ లేదు.

ఇన్‌స్టాలర్ తెరుచుకోగానే ఎన్‌వీడీఏ తనంతట తనే పలకడం మొదలుపెడుతుంది. అప్పటికే నేరేటర్ కూడా పలుకుతోంది కాబట్టి రెండు గొంతులూ ఒకదానిమీద ఒకటి పడతాయి. విండోస్ కీ, కంట్రోల్, ఎంటర్ నొక్కి నేరేటర్‌కు సెలవివ్వండి. ఇక లైసెన్సు ఒప్పుకుంటున్నట్టు స్పేస్‌తో టిక్ పెట్టి, ట్యాబ్‌తో ఇన్‌స్టాల్ బటన్‌కు వెళ్లి ఎంటర్ కొట్టండి. తర్వాతి పెట్టెలో సైన్ ఇన్ తెర దగ్గర కూడా ఎన్‌వీడీఏ పలకాలన్న టిక్ ఉంటుంది, దాన్ని ఉంచండి. విండోస్ అనుమతి అడిగితే ఆల్ట్‌తో వై. పూర్తయ్యాక స్వాగతం పెట్టెలో రెండు విషయాలు చూసుకోండి. అంకెల ప్యాడ్ లేని ల్యాప్‌టాప్ అయితే కీబోర్డు అమరిక ల్యాప్‌టాప్ అని మార్చండి. క్యాప్స్ లాక్‌ను ఎన్‌వీడీఏ కీగా వాడుకోవచ్చన్న టిక్ పెట్టండి.

ఇకపై 'ఎన్‌వీడీఏ కీ' అంటే ఇన్సర్ట్ లేదా క్యాప్స్ లాక్. ఎప్పుడైనా ఎన్‌వీడీఏ ఆగిపోతే కంట్రోల్, ఆల్ట్, ఎన్ కలిపి నొక్కితే మళ్లీ లేస్తుంది.

మొదటి పాఠం: ఏ కీ నొక్కినా నష్టం లేని చోటు

ఎన్‌వీడీఏ కీతో ఒకటి అంకె నొక్కండి. ఇప్పుడు కీబోర్డు మీద ఏది నొక్కినా దాని పేరు, చేసే పని చెబుతుందే గానీ ఆ పని జరగదు. కొత్తవారిని ఇందులో కూర్చోబెట్టి నేను కాసేపు పక్కకు తప్పుకుంటాను. ఏదైనా పాడవుతుందేమో అన్న భయం పోవడానికి ఇంతకన్నా మంచి మందు లేదు. బయటకు రావడానికి మళ్లీ అవే రెండు కీలు.

తర్వాత నోట్‌ప్యాడ్ తెరవండి: విండోస్ కీ నొక్కి వదిలి, ఇంగ్లీషులో నోట్‌ప్యాడ్ అని టైపు చేసి ఎంటర్. నాలుగు వాక్యాలు రాయండి. ఎడమ కుడి బాణాలతో అక్షరం అక్షరం, కంట్రోల్ పట్టుకుంటే పదం పదం, పై కింది బాణాలతో వరుస వరుస వినిపిస్తుంది. ఎన్‌వీడీఏ కీతో కింది బాణం నొక్కితే అక్కడి నుంచి చివరిదాకా చదువుతుంది. ల్యాప్‌టాప్ అమరికలో దానికి బదులు ఎన్‌వీడీఏ కీతో ఏ. నొక్కిన ప్రతి అక్షరాన్నీ పలకడం విసుగనిపిస్తే ఎన్‌వీడీఏ కీతో రెండు నొక్కి ఆపవచ్చు, పదం పూర్తయ్యాక పలికించడానికి మూడు. నేనైతే టైపింగ్ చేయి తిరిగేదాకా అక్షరాలను పలకనిస్తాను.

రోజువారీ కీలు మరికొన్ని ఉన్నాయి. ఎన్‌వీడీఏ కీతో టి నొక్కితే ఏ కిటికీలో ఉన్నారో చెబుతుంది. అదే కీతో ఎఫ్12 నొక్కితే టైము. అదే కీకి షిఫ్ట్, బి కలిపితే బ్యాటరీ. దారి తప్పినట్టనిపిస్తే ఎన్‌వీడీఏ కీతో ట్యాబ్, ఎక్కడ ఉన్నారో చెబుతుంది. ఎన్‌వీడీఏ మెనూకు అదే కీతో ఎన్. నడుస్తున్న ప్రోగ్రాముల మధ్య మారడానికి ఆల్ట్‌తో ట్యాబ్. జాబితా కంఠస్థం చేయకండి, అవసరం పడ్డప్పుడల్లా ఒకటి నేర్చుకుంటే చాలు.

తెలుగు గొంతు

కొత్తగా ఎక్కించిన ఎన్‌వీడీఏ ఇంగ్లీషు గొంతుతోనే పలుకుతుంది. తెలుగు వాక్యం ఎదురైతే ఆ గొంతుకు నోరు పెగలదు. దాంతో చాలామంది తెలుగు రాదనుకుని వదిలేస్తారు. ఎన్‌వీడీఏతో పాటే ఈస్పీక్ ఎన్‌జీ అనే గొంతుల సంచి వస్తుంది, అందులో తెలుగు ఉంది. ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, ఎస్ నొక్కి సింథసైజర్ల (మాట పుట్టించే ప్రోగ్రాముల) జాబితాలో ఈస్పీక్ ఎంచుకోండి. తర్వాత ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, వి నొక్కి గొంతుల జాబితాలో టి అక్షరం కొడుతూ పోతే తెలుగు వస్తుంది. వేగం కూడా ఇక్కడే.

ఈ గొంతు ఇనుపగొంతు, అందులో మొహమాటం లేదు. మనిషి మాట్లాడినట్టుండదు, మొదట్లో చెవికి కరుకుగా తగులుతుంది. కానీ వేగం పెంచినా అక్షరాలు మింగదు. అలవాటైన చెవికి దీని గరుకుదనమే అనుకూలం. వాక్యం మధ్యలో ఇంగ్లీషు లిపి మాట వస్తే దాన్ని ఇంగ్లీషులోనే పలుకుతుంది.

ఇంగ్లీషు ఎక్కువగా చదివేవారు రోజంతా ఈ గొంతు వినలేమంటారు. వాళ్లకు మంచి దారి ఉంది. ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, పి నొక్కితే ప్రొఫైళ్ల పెట్టె వస్తుంది. ప్రొఫైల్ అంటే గొంతు, వేగం వంటి అమరికలను ఒక పేరుతో దాచుకునే చోటు. 'తెలుగు' అని కొత్త ప్రొఫైల్ ఒకటి పెట్టి, అది నడుస్తుండగా ఈస్పీక్ తెలుగును ఎంచుకోండి. ఎన్‌వీడీఏ మెనూలో ప్రిఫరెన్సెస్, దానిలో ఇన్‌పుట్ జెశ్చర్స్ తెరిస్తే ఆ ప్రొఫైల్‌కు మీకు నచ్చిన కీలు కేటాయించవచ్చు. ఇక ఆ కీలు నొక్కితే తెలుగు, మళ్లీ నొక్కితే పాత గొంతు. పత్రిక చదివేటప్పుడు ఒకటి, ఆఫీసు మెయిల్ చూసేటప్పుడు మరొకటి.

తెలుగు రాయడం

సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్‌కు వెళ్లి తెలుగు చేర్చండి. విండోస్ మొత్తం తెలుగులో చూపించే టిక్ ఉంటే తీసేయండి. మొదట్లో ఇంగ్లీషు మెనూలే మేలు, ఇతరులను సాయం అడగడానికి అవే పేర్లు కావాలి. భాష చేరాక విండోస్ కీతో స్పేస్ నొక్కితే ఇంగ్లీషు, తెలుగు మారుతుంటాయి.

రెండు అమరికలు దొరుకుతాయి: ఇన్‌స్క్రిప్టు, ఫొనెటిక్. ఇంగ్లీషులో 'అమ్మ' అని కొడితే తెలుగులో వచ్చేది ఫొనెటిక్. సులువుగానే కనిపిస్తుంది, కానీ అది సూచనల పెట్టె తెరుస్తుంది, అందులో ఏది ఎంచుకున్నామో వినుకుంటూ పోవాలి. చూపులేనివారికి నేను ఇన్‌స్క్రిప్టే చెబుతాను, ఇందులో నాకు పక్షపాతం ఉందనుకున్నా సరే. ప్రభుత్వం 1986లో ప్రామాణికం చేసిన అమరిక ఇది. ఒక కీకి ఒక అక్షరం, మధ్యలో ఊహాగానం లేదు. గుణింతాలు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వస్తాయి. ఒకసారి నేర్చుకుంటే హిందీకీ అవే చోట్లు.

'వరంగల్' రాసి చూడండి. ఇంగ్లీషు కీల పేర్లతో చెబితే వరుసగా బి, జె, ఎక్స్, ఐ, ఎన్, డి. బి అంటే వ. జె అంటే ర, చూపుడు వేలి కింద గీత ఉన్న కీ. ఎక్స్ సున్న. ఐ గ. ఎన్ ల. చివరి డి పొల్లు, ఎడమ నడివేలి కిందే ఉంటుంది. ఒత్తులు కావాలన్నా ఇదే కీ: క, పొల్లు, క అని కొడితే క్క. ఇప్పుడు బ్యాక్‌స్పేస్ ఒక్కసారి కొడితే 'ల్' మొత్తం పోదు, పొల్లు మాత్రమే పోయి 'ల' మిగులుతుంది. గుణింతం తప్పు పడినప్పుడు అక్షరం మళ్లీ కొట్టక్కర్లేకుండా ఇలా దిద్దుకోవచ్చు. మొదట ఊరిపేర్లు రాయండి: కాజీపేట, జనగామ, మంచిర్యాల, జగిత్యాల. మంచిర్యాల, జగిత్యాల వచ్చాయంటే ఒత్తు చేతికి చిక్కినట్టే.

ఇంటర్నెట్‌లో రెండు మోడ్‌లు

వెబ్ పేజీలో ఎన్‌వీడీఏ బ్రౌజ్ మోడ్‌లో ఉంటుంది. అప్పుడు అక్షరాలు టైపు కావు, దారి చూపిస్తాయి. హెచ్ శీర్షికకు, కె లింకుకు, బి బటన్‌కు, ఇ రాసే గడికి, టి పట్టికకు తీసుకెళతాయి. షిఫ్ట్ కలిపితే వెనక్కి. పత్రిక వెబ్‌సైట్‌ను మొదటి లింకు నుంచి వినడం మొదలుపెడితే వార్త చేరేసరికి చాయ్ చల్లారుతుంది. హెచ్ నొక్కుతూ వెళ్లండి. ఎన్‌వీడీఏ కీతో ఎఫ్7 నొక్కితే పేజీలోని లింకులు, శీర్షికలు అన్నీ జాబితాగా వస్తాయి, మాట టైపు చేసి వెతుక్కోవచ్చు. హనుమకొండ, వరంగల్ జిల్లాల ప్రభుత్వ వెబ్‌సైట్లతో సాధన మొదలుపెట్టవచ్చు, శీర్షికలు పద్ధతిగా ఉంటాయి.

రాసే గడిలో ఎంటర్ కొడితే చిన్న శబ్దం వస్తుంది, ఫోకస్ మోడ్‌లోకి వెళ్లారన్నమాట. ఇక అక్షరాలు అక్షరాలుగానే పడతాయి. బయటకు ఎస్కేప్. చేత్తో మార్చాలంటే ఎన్‌వీడీఏ కీతో స్పేస్. 'హెచ్ కొడితే శీర్షిక రావడం లేదు, హెచ్ పడుతోంది' అని ఫిర్యాదు చేసేవారందరి సమస్యా ఇదే.

దరఖాస్తు ఫారాలు ఫరవాలేదు, చివర బొమ్మలో అంకెలు టైపు చేయమనే చోట ఆగిపోతాం. శబ్దంతో వినే ఏర్పాటు లేని వెబ్‌సైట్లలో అప్పటికి చూపున్నవారి సాయం తీసుకోవలసిందే. మిగతా ఫారం అంతా మీరు నింపి, ఆ అంకెలకే పిలవండి. పాస్‌వర్డ్ చెప్పవలసిన పని లేదు.

అక్షరాలు చదవలేని తెలుగు

కొన్నాళ్లు వాడాక ఒక వింత ఎదురవుతుంది. ఎవరో పంపిన తెలుగు నోట్సు తెరిస్తే స్క్రీన్ రీడర్ అర్థంలేని ఇంగ్లీషు ముక్కలు, గుర్తులు చదువుతుంది. చూపున్నవారిని అడిగితే తెర మీద శుభ్రమైన తెలుగే ఉందంటారు. లోపం మీ కంప్యూటర్‌ది కాదు. అది అను ఫాంట్లలో టైపు చేసినది. మన డీటీపీ సెంటర్లలో, ప్రెస్సుల్లో ఇంకా ఎక్కువగా వాడేది అవే. అందులో లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే, పైన తెలుగు ఆకారం తొడిగారంతే. కంటికి ఆకారం చాలు, స్క్రీన్ రీడర్‌కు లోపలి అక్షరమే కావాలి.

కాబట్టి నోట్సు టైపు చేయించేటప్పుడే 'యూనికోడ్‌లో కావాలి' అని చెప్పండి, అందులో లోపల కూడా తెలుగు అక్షరాలే ఉంటాయి. గౌతమి, నిర్మల వంటి ఫాంటులో చేయమంటే డీటీపీ వారికి వెంటనే తెలుస్తుంది. పాత ఫైలు అయితే అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలు ఉన్నాయి, మార్చి పంపమని అడగండి.

స్కాన్ చేసిన పీడీఎఫ్‌ల సంగతి వేరు. అక్కడ అక్షరాలే ఉండవు, ఫొటో ఉంటుంది. ఇంగ్లీషు ఫొటో అయితే ఎన్‌వీడీఏ కీతో ఆర్ నొక్కి చదివించుకోవచ్చు. తెలుగుకు నేను గూగుల్ డ్రైవ్ వాడతాను: ఫైలును డ్రైవ్‌లో ఎక్కించి, దాని మీద షిఫ్ట్‌తో ఎఫ్10 నొక్కి, ఓపెన్ విత్‌లో గూగుల్ డాక్స్ ఎంచుకుంటే ఫొటోలోని తెలుగు అక్షరాలుగా మారి వస్తుంది. అచ్చు బాగుంటే తప్పులు తక్కువ. చేతిరాత మీద ఆశ పెట్టుకోవద్దు. కథలు, పాఠ్యపుస్తకాల కోసం సుగమ్య పుస్తకాలయ ఉంది. అచ్చుపుస్తకం చదవలేనివారి కోసం 2016లో మొదలైన ఆన్‌లైన్ గ్రంథాలయం ఇది, భారతీయ భాషల పుస్తకాలు ఉంటాయి.

ఉన్నట్టుండి మూగబోతే

ముందు కంట్రోల్, ఆల్ట్, ఎన్. పలకకపోతే విండోస్ కీ, కంట్రోల్, ఎంటర్‌తో నేరేటర్‌ను లేపండి. నేరేటర్ పలికితే కంప్యూటర్ బాగానే ఉంది, తేడా ఎన్‌వీడీఏలోనే. పొరపాటున ఎన్‌వీడీఏ కీతో ఎస్ నొక్కి ఉంటారు, అది మాటను ఆపేస్తుంది లేదా బీప్‌లుగా మారుస్తుంది. 'టాక్' అని వినిపించేదాకా అవే కీలు మళ్లీ నొక్కండి. రెండూ పలకకపోతే శబ్దం వేరే చోటికి పోతోందేమో చూడండి: పక్కగదిలో ఆన్ అయి ఉన్న బ్లూటూత్ స్పీకర్, టీవీకి పెట్టిన తీగ. ఆ రెండూ తీసేస్తే చాలావరకు మాట తిరిగి వస్తుంది.

దూరాన ఉన్న స్నేహితుడు చేయందించాలంటే 2025.1 వెర్షన్ నుంచి ఎన్‌వీడీఏలోనే రిమోట్ సదుపాయం ఉంది. టూల్స్ మెనూలో రిమోట్ తెరిచి ఇద్దరూ ఒకే తాళం మాట ఇస్తే, హైదరాబాద్‌లో ఉన్నవారు మీ కంప్యూటర్‌ను విని నడపగలరు. ఆ తాళం మాట తెలిసినవారు ఏదైనా చేయగలరు కాబట్టి పని అయ్యాక తెంచేయండి, మరోసారికి కొత్తది పెట్టుకోండి.

ఇక పెన్‌డ్రైవ్. టూల్స్ మెనూలోనే పోర్టబుల్ కాపీ తయారుచేసే అవకాశం ఉంటుంది. మీ గొంతు, వేగం, ప్రొఫైళ్లతో సహా అందులోకి ఎక్కుతుంది. కాలేజీ ల్యాబులోనో, కాజీపేటలో చుట్టాలింటి కంప్యూటర్‌లోనో దాన్ని పెట్టి, ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే నడుపుకోవచ్చు. అనుమతి అడిగే విండోస్ తెరల దగ్గర మాత్రం పోర్టబుల్ కాపీ పలకదు. అక్కడ నేరేటర్‌ను లేపి, పని అయ్యాక ఆపేయండి.